కుడికి తిప్పిన ట్రాక్టరు

ఆ రోజుల్లో బండి స్టార్ట్ చేయడమంటే ఇప్పటిలా ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని ఇంకో చేత్తో తాళంచెవి తిప్పడం కాదు. బతిమాలాలి, బుజ్జగించాలి, నిప్పు చూపించాలి, వినకపోతే తిట్టాలి. తిట్టినా వినకపోతే అలిగి దూరంగా పోయి కూర్చోవాలి. ఇంత చేశాక కదిలినా మన మాట విని కదిలిందని చెప్పలేం, దానికి బుద్ధి పుట్టి కదిలిందంతే. అందుకే ఆ కాలం డ్రైవర్లకు కోపమూ భక్తీ రెండూ ఎక్కువగా ఉండేవి. నాకు ఆ రెండూ లేవు, ఉన్నదల్లా పేరు. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో ఆయిల్ ఇంజనుకు నూనె పోసి గుడ్డతో తుడిచే పని నాది. మా అక్క మాత్రం తన అత్తగారి ఊరంతా "మా తమ్ముడు ఇంజినీరు" అని చాటింపు వేసింది. నేనూ కాదనలేదు. (మీసం అప్పుడప్పుడే మొలుస్తున్న వయసులో ఎవడు కాదంటాడు?)

మా అమ్మ నన్ను కని, నా ముఖమైనా సరిగ్గా చూడకుండానే పోయింది. నన్ను చంకనేసుకుని పెంచింది అక్కే. నిజానికి అప్పటికి తననే ఎవరైనా చంకనేసుకోవాల్సిన వయసు. అలాంటి అక్కను మోతె దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. పుట్టింట్లో చేసే తల్లి లేదు కాబట్టి తొలికాన్పు అత్తగారింట్లోనే అనుకున్నారు. పుష్యమాసం చలిలో నేను మిల్లుకు సెలవు చెప్పి అక్కడికి చేరాను. అందరితో ట్రాక్టరు చూసుకోవడానికి వచ్చానని చెప్పాను. అసలు సంగతి, అక్కకు నెలలు నిండాయని తెలిసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. కాన్పు అనే మాట వింటే నాకు అమ్మే గుర్తొచ్చేది, చూడని అమ్మ.

ఆ ట్రాక్టరు మా బావ కొన్నది. పోలీసు యాక్షన్ అయిపోయి, ఊళ్ళు కాస్త ఊపిరి పీల్చుకుంటున్న రోజులవి. యుద్ధం మిగిల్చిన సామాను అమ్ముతున్నారని ఎవరో చెబితే బావ బెజవాడ వైపు పోయి, ఎడ్ల జత కొనుక్కొస్తానన్నవాడు ఈ ఇనుప దున్నపోతును కొనుక్కొచ్చాడు. లారీ మీద కోదాడ దాకా వచ్చింది. అక్కడి నుంచి ఒక డ్రైవరు తోలుకొచ్చి, నాలుగు రోజులుండి నాకు పని నేర్పి, చలికి తట్టుకోలేక వెళ్ళిపోయాడు. (బావ వాళ్ళమ్మ, అంటే అత్త, పెట్టే జొన్నగటకకు తట్టుకోలేక అని మా అక్క అనుమానం.)

ఆ బండి తీరే వేరు. ముందువైపు ముక్కులా ఒక ఇనుప గుబ్బ ఉండేది. దాన్ని కిరసనాయిలు బత్తి మంటతో ఎర్రగా కాల్చాలి. తర్వాత స్టీరింగును ఊడబెరికి, పక్కనున్న పెద్ద చక్రం నడిమధ్యలో గుచ్చి, బలంకొద్దీ తిప్పాలి. ఇంజను అందుకోగానే దాన్ని పీకి మళ్ళీ దాని చోట పెట్టాలి. ఇవన్నీ నేర్పి, వెళ్ళేటప్పుడు కోదాడ డ్రైవరు నా భుజం తట్టి ఒక మాట చెప్పాడు.

"చూడు బాబూ, ఇది ఎప్పుడూ ఎడమకే తిప్పాలి. కుడికి తిప్పావనుకో, ఇంజను కూడా ఎదురే తిరుగుద్ది. ఆ తర్వాత నన్ను తిట్టుకోవద్దు."

నేను అన్నీ తెలిసినవాడిలా తల ఊపాను.

ఆ వారంలోనే జాన్‌పహాడ్ దర్గా ఉర్సు వచ్చింది. మా వైపు ఉర్సంటే కులం మతం లేకుండా ఊళ్ళకు ఊళ్ళే బండ్లు కట్టుకుని పాలకీడు దారి పడతాయి. కాన్పు సుఖంగా కావాలని బావ కూడా మేకపోతును బండికెక్కించుకుని దర్గా దగ్గర కోసి వండి పెట్టే కందూరు మొక్కు తీర్చడానికి బయల్దేరాడు. ఇంకా పది రోజుల గడువుందని అత్త వేళ్ళ మీద లెక్కేసి చెప్పింది కాబట్టే వెళ్ళాడు, పాపం. ఆయనతో పాటు ఊళ్ళో ఎడ్లూ బండ్లూ వయసు మగవాళ్ళూ అన్నీ వెళ్ళిపోయాయి. మిగిలింది ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, ట్రాక్టరు, ఇంజినీరు.

మర్నాడు పొద్దుగూకే వేళకు అక్కకు నొప్పులు మొదలయ్యాయి. అత్త వెంటనే ఇంట్లో ముళ్ళన్నీ విప్పడం మొదలుపెట్టింది. ఆడపిల్ల నొప్పులు పడుతుంటే ఇంట్లో ఏదీ బిగించి ఉండకూడదట. పెట్టెల తాళాలు తీసింది, ఉట్టి తాళ్ళు విప్పింది, దూడ పలుపు విప్పింది. (దూడ తల్లి దగ్గరికి పరుగెత్తి పాలన్నీ తాగేసింది.) నేను చూడనప్పుడు ట్రాక్టరు ముక్కుకు చలి తగలకుండా కట్టిపెట్టిన గొంగడి తాడు కూడా విప్పేసింది. ఆ సంగతి నాకు కోడికూతకు గానీ తెలియలేదు.

కోడికూతకు మంత్రసాని అవ్వ చేతులు కడుక్కుంటూ బయటికొచ్చింది. ఊళ్ళో సగంమందిని తనే భూమ్మీదికి దింపింది, ఆమె ముఖంలో భయం ఎవరూ చూసి ఉండరు. నేను చూశాను.

"బిడ్డ సక్కగ లేదు పిలగా. ఇగ నా శేతుల లేదు. పేట దవాఖానకు కొంటవోవాలె. పొద్దెక్కెదాక ఆగితే నేనేం సెప్పలేను."

పేట అంటే మాకు సూర్యాపేట ఒక్కటే. మంచం మీద మోసుకుపోవడానికి నలుగురు మగవాళ్ళు లేరు, కట్టడానికి ఒక్క ఎద్దు లేదు. అందరూ నా వైపు చూశారు. నేను ట్రాక్టరు వైపు చూశాను. అది గొంగడి లేకుండా, మంచుకు తడిసి, ముట్టుకుంటే చెయ్యి అంటుకుపోయేంత చల్లగా నిలబడి ఉంది.

బత్తి ముట్టించాను. మంట నీలంగా రావాల్సింది పోయి, ఈదురుగాలికి పసుప్పచ్చగా ఊగి, ఇనుపగుబ్బను కాల్చడం మానేసి నా మీసాలను కాల్చింది. అత్త తడక తెచ్చి గాలికి అడ్డం పెట్టింది. ఆయిలు డబ్బా మూత తీస్తే గడ్డపెరుగులా కదలకుండా ఉంది. దాన్ని పొయ్యి పక్కన పెట్టి కాచాం. కుంపటి నిండా తుమ్మబొగ్గులు పోసి బండి కడుపు కింద పెట్టాం. అవ్వ అక్క కోసం కాచిన వాము నీళ్ళు మిగిలితే అవి కూడా పొయ్యమంటావా అని అత్త అడిగింది. ఆవిడ వేళాకోళం చేయలేదు, నిజంగానే అడిగింది. నేనూ ఒక్క క్షణం ఆలోచించాను.

స్టీరింగు పీకి, చక్రంలో గుచ్చి, ఎడమకు తిప్పాను. ఇంజను ముసలాయన దగ్గినట్టు ఒక దగ్గు దగ్గి ఊరుకుంది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ కాల్చాను. అంత చలిలో చొక్కా చెమటకు తడిసి వీపుకు అతుక్కుపోయింది. లోపల అక్క మూలుగు వినిపిస్తున్నంతసేపు భయం, వినిపించకపోతే ఇంకా భయం. ఆ చక్రం పట్టుకుని నేను ఏడ్చాను. సిగ్గుపడను, ఎవరైనా ఏడుస్తారు. అప్పుడు అత్త వెనకనుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వెటు తిప్పుతున్నవ్ పిలగా?"

ఎడమకు, డ్రైవరు అలాగే చెప్పాడన్నాను. అత్త నా చెయ్యి వదిలేసింది. ఆమె ఇంట్లో ఇసుర్రాయి కుడికే తిరుగుతుంది, కవ్వం తాడు కుడి నుంచే లాగుతారు, దిష్టి తీసినా హారతిచ్చినా కుడికే.

"ఎడమకు తిప్పేది పీనుగు కాడ. ఇంట్ల ఆడివిల్ల సావు బతుకులల్ల ఉంటే నువ్వు పొద్దుగాల్నించి ఎడమకు తిప్పుతున్నవా? కుడికి తిప్పు."

నేను కోదాడ డ్రైవరు మాట చెప్పబోయాను. "ఆయన గీడున్నడా? నేనున్న" అంది అత్త. మిల్లులో చదివిన చదువంతా ఆ ఒక్క మాటతో అయిపోయింది. పైగా ఎడమకు తిప్పీ తిప్పీ చూశాను, అది వినలేదు. కుడికి తిప్పాను.

ఒక్క తిప్పుకే అందుకుంది. డబ్ డబ్ డబ్ మని ఊరు అదిరింది, చెట్ల మీది కాకులన్నీ లేచిపోయాయి. (అప్పటికి గుబ్బ బాగా కాలి ఉంది కాబట్టి అందుకుందని నేను ఇప్పటికీ అంటాను. వినేవాళ్ళే లేరు.) అత్త నా వైపు ఒక్క చూపు చూసి లోపలికి పోయింది. వెనక ఇనుప ట్రాలీలో గడ్డి పరిచి, బొంతలు వేసి, అక్కను పడుకోబెట్టి, అవ్వా అత్తా చెరోవైపు కూర్చున్నారు. ట్రాలీకి వెనక నాలుగు బారల దూరంలో మోటబావి ఉంది. ముందు వాకిలి, వాకిలి దాటితే పేట దారి. నేను స్టీరింగు దాని చోట పెట్టి, ఎక్కి కూర్చుని, మొదటి గేరు వేసి, మెల్లగా క్లచ్చి వదిలాను.

ట్రాక్టరు వెనక్కి పోయింది.

నాకు అర్థం కాలేదు. గేరు ముందుకే ఉంది, బండి మాత్రం వెనక్కి, మా అక్కను తీసుకుని బావి వైపు పోతోంది. క్లచ్చి ఎప్పుడు తొక్కానో, బ్రేకు ఎప్పుడు తొక్కానో తెలియదు. ట్రాలీ చక్రం బావి గట్టు రాయికి తగిలి ఆగింది. అత్త బావిలోకి చూసింది, నా వైపు చూసింది. అప్పుడు కోదాడ డ్రైవరు మాట నాకు బుర్రకెక్కింది. ఇంజను ఎదురు తిరుగుతోంది కాబట్టి గేర్లన్నీ తారుమారయ్యాయి. ముందుకు వేస్తే వెనక్కి, వెనక్కి వేస్తే ముందుకు. దాన్ని ఆపి, ఎడమకు తిప్పి, మళ్ళీ స్టార్ట్ చేయాలి. చేస్తే స్టార్టవుతుందా? వేడిగా ఉంది కాబట్టి కావచ్చు. కాకపోతే? ఆపే పిడి మీద చెయ్యి వేశాను. ట్రాలీలోంచి అక్క గొంతు సన్నగా వినిపించింది.

"తమ్మీ, ఆపకు. ఎట్లన్న పోనియ్యి."

చిన్నప్పటి నుంచి అక్క మాట నేను జవదాటలేదు. రివర్స్ గేరు వేశాను. బండి ముందుకు కదిలింది.

రివర్స్ గేరు ఒక్కటే, దాని వేగం ఒక్కటే. నిండుకుండ నెత్తిన పెట్టుకున్న మనిషి కూడా మమ్మల్ని దాటిపోయే వేగం. కాసేపటికి అత్త దిగి నడవడం మొదలుపెట్టింది. మాకంటే ముందు పోయి, దారిలో రాళ్ళు ఏరి పక్కన పారేసి, నడుం మీద చేతులు పెట్టుకుని మేము వచ్చేదాకా నిలబడేది. మళ్ళీ ముందుకు పోయేది. నేను పంటి బిగువున ఒకే ఒక్క సంగతి తలుచుకుంటున్నాను: ఆగకూడదు. పొద్దు తాటిచెట్ల పైకి లేస్తోంది. పొద్దెక్కితే నేను చెప్పలేనని అవ్వ అన్నది నా వీపు మీద ఎండ తగిలినప్పుడల్లా గుర్తొచ్చేది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేక ఆ దారంతా అక్క మూలుగును చెవులతోనే పట్టుకుని పోయాను.

పేట పొలిమేరలో మిలిటరీ వాళ్ళు రోడ్డుకు అడ్డంగా వెదురు బొంగు కట్టారు. అడవుల్లో దళాలూ, రోడ్ల మీద మిలిటరీ ఉన్న రోజులు. డబ్ డబ్ మని పేలుకుంటూ పొగలోంచి వస్తున్న మమ్మల్ని చూసి జవాను తుపాకీ ఎత్తాడు. క్లచ్చి తొక్కి ఆగాను. వాడు ఇంజను బంద్ చేయమని సైగ చేశాడు. నేను తల అడ్డంగా ఊపాను. తుపాకీ ఇంకాస్త ఎత్తాడు. మిల్లులో నేర్చుకున్న ఉర్దూ మొత్తం కూడగట్టి, సాబ్, ఇది బంద్ అయితే మళ్ళీ నడవదు, మా అక్క చచ్చిపోతుంది అని చెప్పాను. ఆ చప్పుడులో వాడికి ఒక్క ముక్క వినిపించలేదు. వాడి వేలు తుపాకీ మీద ఉంది, నా కాలు క్లచ్చి మీద ఉంది. అప్పుడు అక్క ఒక్క కేక పెట్టింది. అది ఏ భాషో జవానుకు చెప్పక్కర్లేకపోయింది. తుపాకీ దింపి, బొంగు ఎత్తి, దవాఖాన దాకా మా ముందు పరుగెత్తుకుంటూ దారి చూపించాడు. (పరుగెత్తి, ఆగి, మళ్ళీ పరుగెత్తాడు. మా వేగం అది.)

దవాఖాన వాకిట్లో ఇంజను ఆపాను. ఆ నిశ్శబ్దమంత భయం నేను మళ్ళీ ఎరగను. మెట్ల మీద కూర్చుని, చేతుల మసి చూసుకుంటూ, చూడని అమ్మకు మొక్కుకున్నాను. ఎంతసేపైందో తెలియదు, లోపల పసిబిడ్డ ఏడుపు వినిపించింది. నేను లేవలేదు. నేను ఎదురు చూస్తున్నది ఆ ఏడుపు కోసం కాదు. తలుపు తీసుకుని అత్త వచ్చి నా పక్కన కూలబడింది.

"నీ అక్క మంచిగున్నది. నువ్వు ఏమన్న తిన్నవా అని అడుగుతున్నది."

అప్పుడు మాత్రం ఇంజనుకంటే గట్టిగా ఏడ్చాను. మేనకోడలు పుట్టింది. కాళ్ళు ముందు పెట్టి ఎదురు వచ్చిందనీ, ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదనీ డాక్టరమ్మ చెప్పింది. అత్త అది విని, బిడ్డా ఎదురే, బండీ ఎదురే, రెండు ఎదుర్లు కలిసి చక్కనయ్యాయని తేల్చేసింది. రెండు రోజుల తర్వాత బావ కందూరు ముద్ద పట్టుకుని వచ్చి, అంతా జాన్‌పహాడ్ సైదుల దయ అన్నాడు. అవ్వ, బండి కుదుపులకు బిడ్డ కాస్త కిందికి దిగిందంది. జవాను తన వల్లేనని పేటలో చెప్పుకున్నాడట. ఇంజినీరు ఊసు ఎవరూ ఎత్తలేదు. ఇంటికి తిరిగి వెళ్ళేటప్పుడు అత్త వార్డులో మూటలు కట్టుకుంటుంటే, నేను అటూ ఇటూ చూసి, గబుక్కున ఎడమకు తిప్పి స్టార్ట్ చేశాను.

అత్త పోయి చాలా కాలమైంది. ట్రాక్టరు ఏ పాత ఇనుము కొట్టుకు పోయిందో తెలియదు. అక్కకు జుట్టు ముగ్గుబుట్టయింది, నాకు ఆ మాత్రం జుట్టూ మిగల్లేదు. మొన్న చలికాలం పొద్దున అక్కకు కళ్ళు చూపించడానికి పేటకు బయల్దేరాం. కారు మేనకోడలిది, కానీ ముందు కూర్చున్నది నేనే. (ఇంజినీరు ఉండగా ఇంకొకరు తోలడమేమిటి?) మంచు పట్టి అద్దం కనిపించడం లేదు. తాళంచెవి పెట్టి తిప్పాను. ఒక్క తిప్పుకే అందుకుంది. నేను చెయ్యి తియ్యకుండా అలాగే చూస్తూ ఉండిపోయాను. ఇన్నేళ్ళుగా తిప్పుతున్నాను, ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పటి బండ్లన్నీ కుడికి తిప్పితేనే స్టార్టవుతాయి. కోదాడ డ్రైవరు మాట ఆయన కాలంతోనే పోయింది, లోకమంతా మా అత్త మాటే చెల్లుతోంది.

వెనక సీట్లోంచి అక్క అడిగింది.

"ఏమైంది తమ్మీ, ఆగినవ్? ఎట్లన్న పోనియ్యి."

నవ్వొచ్చింది. గేరు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసి వేశాను.