నీళ్లు మాత్రమే పరీక్షించిన కుంటకు మళ్లీ వెళ్లాను

చిట్కుల్ దాటాక ఉన్న ఆ చేపల కుంట నుంచి పోయిన నెల నీళ్లు పట్టుకెళ్లింది నేనే. ఒంటి నిండా ఎర్రటి పుండ్లతో చేపలు తేలుతున్నా, మా ల్యాబు పెద్దసారు చేపను తెమ్మనలేదు. "ఏరోమోనాస్ బ్యాక్టీరియా. ప్రతి కుంటలోనూ ఉంటుంది, ప్రమాదం లేదు" అని రాసి పంపేశారు. నేను నోరెత్తలేదు. చావులు ఆగలేదు. చివరికి కుంటను కౌలుకు తీసుకున్న లక్ష్మమ్మే, కొన ఊపిరితో ఉన్న చేపనొకదాన్ని ఐసులో పెట్టుకుని మా ల్యాబుకు వచ్చింది. దాని ఫలితం చెప్పడానికి శనివారం బయలుదేరాను.

ఉదయం ఏడింటికి లింగంపల్లిలో బస్సెక్కితే పటాన్‌చెరుకు ముప్పావుగంట పట్టింది. అక్కడి నుంచి ఇస్నాపూర్ మీదుగా షేర్ ఆటో, ముప్పై రూపాయలు. "చేపల కోసమా మేడం? గా కుంటల ఇగ ఏం మిగల్లే" అన్నాడు డ్రైవరు. ఒళ్లు మండింది, అతని మీద కాదు.

లక్ష్మమ్మ గట్టు మీద వల ఆరేస్తోంది. ఫోన్లో, బ్యాక్టీరియా పెంచిన రెండు గాజు గొట్టాల ఫోటో చూపించాను. కుంట నీళ్లలోని బ్యాక్టీరియా ద్రవమంతా పరుచుకుని మసకగా ఉంది. చేప మూత్రపిండం నుంచి తీసింది మాత్రం ముద్దలు కట్టి అడుగుకు దిగింది. రెండూ ఏరోమోనాసే అని చెప్పాను.

"రెంటి పేరొకటే అంటివి గదా బిడ్డా?"

"పేరొకటే అమ్మా, చేపలో దొరికినవాటికి పైన ఒక పొర ఎక్కువ. ఆ పొర ఉన్నవి ఒకదానికొకటి అంటుకుంటాయి, చేప ఒంటినీ పట్టుకుంటాయి. చేప రక్తం వాటిని తేలిగ్గా చంపలేదు."

"గయితే గప్పుడే చేపను కోసి సూస్తే?"

"జబ్బువి ఏరేసి, మందు కలిపిన మేత వేసి ఉంటే కొన్నైనా దక్కేవి."

వల విసిరికొట్టింది. "గా దినం నీకు ఎర్కనే గదా! నోరెందుకు తెర్వలే?"

ఎరుకే.

"గిదంతా కాగితం మీద రాసియ్యి. నీ పేరు పెట్టు" అంది. గట్టు మీదే కూర్చుని, మొదటి రిపోర్టు తప్పని రాసి సంతకం చేశాను, దాని ఫోటో పెద్దసారుకూ పంపాను. తిరుగు బస్సులో ఉండగా ఆయన ఫోన్ చేసి ల్యాబు పరువు గురించి మాట్లాడారు. చచ్చిన చేపల మాట ఒక్కటీ రాలేదు. మధ్యలోనే పెట్టేశాను.

ఆ కోపం ఇంకా చల్లారలేదు. అందులో సగం నా మీదే. పేరు చూసి తీర్పు చెప్పడం సులువు, చేపను కోసి చూడటానికే మాకు తీరిక లేకపోయింది.

మీ కుంటలో చేపలు చస్తుంటే, ప్రాణంతో ఉన్న జబ్బు చేపను ఐసులో పెట్టి అదే రోజు ల్యాబుకు చేర్చండి. నీళ్లు చాలన్నవాళ్లను గట్టు ఎక్కనివ్వకండి.