నాలుగు అరల మొండయ్య

కోరుట్ల మొండయ్యకు ఒకే ఒక్క పిచ్చి: కంటబడ్డ ప్రతి గిన్నెనూ అరలుగా విడగొట్టనిదే నిద్రపట్టదు. దుబాయిలో పన్నెండేళ్లు నూనె ఓడలకు వెల్డింగ్ చేసి వచ్చినవాడు మరి.

“ఓడ చుట్టూ రెండు గోడలు కడితే మస్తు ఖర్చు. అదే లోపట ఇంకో నాలుగు అరలు పెట్టు. ఒకదానికి చిల్లి పడితే గా ఒక్క అర నూనెనే సముద్రంల కలుస్తది. గీ మాట ఇంజనీరు సారుకు నేనే చెప్పిన,” అనేవాడు. సారు ఏమన్నాడో మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

ఇంట్లో పప్పు గిన్నెకూ రెండు అరలే. “గరిటె ఎట్ల తిరగాలె?” అని భార్య మల్లవ్వ మొత్తుకుంటే, “ఒలికితే సగమే ఒలుకుతది గదా,” అనేవాడు.

మేనల్లుడు సాగర్‌కు ఈ మామ అంటే తలవంపులు. ట్రాలీ ఆటో నడుపుకునే అతన్ని స్టాండులో అందరూ ‘నాలుగరలోడు’ అని ఏడిపించేవారు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగిన రోజుల్లో, నిరసనగా కోరుట్ల రోడ్డు మీదే వండి వడ్డించే వంటావార్పు పెట్టారు. జగిత్యాల నుంచి నూనె తెచ్చే పని సాగర్‌కు అప్పజెప్పారు. మొండయ్య వారం రోజులు కూర్చుని నాలుగు అరల పీపా చేసిచ్చాడు. సాగర్ దాన్ని కొట్టంలో గడ్డి కింద దాచేసి మామూలు పీపా పట్టుకుపోయాడు.

తిరిగి వస్తుంటే రాస్తారోకోకు అడ్డం పెట్టిన బండరాయికి ఆటో తగిలింది. పీపా పల్టీ కొట్టి చిల్లి పడింది. కోరుట్ల చేరేసరికి చుక్క మిగల్లేదు.

వంట పెత్తనమంతా సరోజనది. నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. “నూనె ఏది? అమ్ముకున్నవా?”

ఐదువందల మంది చూస్తున్నారు. ఉద్యమం సొమ్ము తిన్నాడన్న పేరు పడితే ఇక ఊళ్లో తలెత్తుకోలేడు. సాగర్ నోటికొచ్చిన అబద్ధం ఆడేశాడు.

“మా మామ చేసిన పీపా. అతుకులు ఊడినయి.”

జనం గొల్లున నవ్వారు. మొండయ్య ముందుకొచ్చి పీపాలోకి తొంగిచూశాడు. లోపల ఒక్క అరా లేదు. తన అబద్ధం మామకు తెలిసిపోయిందని సాగర్‌కు అర్థమైంది.

“అవ్, నా అతుకే,” అన్నాడు మొండయ్య. “కండ్లు సరిగ కనిపిస్తలేవు సరోజనా. పోరని తప్పేం లేదు.”

సాగర్ అతన్ని పక్కకు లాగాడు. “గట్లెందుకన్నవు మామా?”

“నీ పేరు పోతే బతుకంత పోతది. నన్నైతే ఎట్లైన నవ్వుతరు. గిట్ల ఖర్చు తక్కువ.”

సాగర్‌కు సిగ్గేసింది. గిర్రున తిరిగి వెళ్లి, “మామ పీపా ఇంటికాడ ఉన్నది. మీరు నవ్వుతరని నేనే దాచిన. అబద్ధమాడిన,” అని అందరి ముందూ ఒప్పుకున్నాడు.

సరోజన అతన్ని ఎగాదిగా చూసింది. “అయితే గా పీపా తీస్కపోయి మల్ల నింపుకరా. గప్పటిదాక పప్పు ఉడుకుతది.”

“నీ పేరు పోకుంట నేను ఇంత కష్టపడి ఆపితే నువ్వే చిల్లి పెట్టుకుంటివి గదరా,” అని తిట్టుకుంటూనే, మొండయ్య మేనల్లుడి కంటే ముందు పోయి ఆటో ఎక్కి కూర్చున్నాడు.