తడిసిన కొలతాడు

నా చిన్నప్పుడు సాగర్ నీళ్లు వదిలే ముందురోజు ఊరంతా పిల్లకాలువలోనే ఉండేది. మాది రెంటచింతల దగ్గర పల్లె. నలభై ఇళ్లు, ఇంటికి పది బారల పూడిక తీయాలి. చేతులు రెండూ చాచినంత పొడవు ఒక బార. మా తాతయ్య పది బారల జనుపతాడుతో కొలిచి, వాటాకొక పుల్ల గుచ్చేవాడు. తాడు వెనక కొస పట్టుకునేది నేను. అప్పుడు నాకు పదో ఏడు.

ఆ రోజు మధ్యాహ్నానికి ఇరవై వాటాలు కొలిచాం. తాడు ఒరుసుకుని అరచేతులు మండుతుంటే, గుంటలో మిగిలిన నీళ్లలో దాన్ని ముంచాను. హాయిగా అనిపించింది. ఆరినప్పుడల్లా మళ్లీ ముంచాను. ముందు నడుస్తున్న తాతయ్య చూడలేదు.

చివరి వాటా నాకు వరసకు బాబాయి అయ్యే కౌలురైతుది. ఆయన తన పుల్ల నుంచి కాలువ చివరిదాకా చేతులతో బారలు కొలుచుకుని, పార ఎత్తాడు. పది బారలుండాల్సిన చోట దాదాపు ఇరవై ఉంది.

"కౌలోడినని రెండు వాటాలు నా నెత్తిన రుద్దుతావా పెద్దాయనా?"

"ఏంది ఆ నోరు! పుల్ల నువ్వే జరిపుంటావ్," అంటూ పై వాటా మామయ్య కూడా పార అందుకున్నాడు.

పొద్దు వాలుతోంది. తెల్లారితే నీళ్లొస్తాయి. అక్కడ పూడిక మిగిలితే బాబాయి నారుమడికి చుక్క అందదు.

తాతయ్య ఇద్దరి మధ్యకు దిగి, చేతులు చాచి తాడును బారలు వేశాడు. తొమ్మిదిన్నర. మళ్లీ వేశాడు. తొమ్మిదిన్నరే. పిండితే నీళ్లు కారాయి.

"ఏమే, ఇదెప్పుడు తడిసింది?"

అందరూ నావైపే చూశారు. "మధ్యాహ్నం నుంచి నేనే ముంచుతున్నా తాతా." జనుము తడిస్తే పొట్టిదవుతుందని నాకు తెలియదు.

దెబ్బ పడుతుందనుకున్నాను. తాతయ్య బాబాయి వైపు తిరిగాడు. "నీ పైన పందొమ్మిది వాటాలు తడితాడుతో కొలిచా, వాటాకు అర బార తగ్గింది. తొమ్మిదిన్నర నా తాడు మింగింది. అది నేను తవ్వుతా."

ఆయన పార పట్టాడు. నేను తట్ట ఎత్తుకున్నాను. కాసేపటికి పై వాటా మామయ్య, "జరుగు పెద్దాయనా, నడుం పట్టుకుంటే మళ్లీ మేమే మొయ్యాల," అని గొణుగుతూ దిగాడు. చీకటి పడేలోగా పని తేలింది.

ఈ వేసవిలో అదే కాలువకు సిమెంటు గోడలు కడుతున్నారు. ఊరి తరఫున నేను రోజూ వెళ్లి కొలిచి పుస్తకంలో రాసుకుంటున్నాను. పోయిన వారం గోడల మధ్య వెడల్పు రెండంగుళాలు ఎక్కువ తేలింది. గోడలు పలచన చేశారని మేస్త్రీని నిలదీస్తూ, మధ్యలో ఆగి, నా టేపు చూసుకున్నాను. మొదటి రెండంగుళాలు తెగిపోయి ఉన్నాయి. దాన్ని మేస్త్రీకి చూపించి, తప్పు నాదేనని కూలీలందరి ముందూ చెప్పాను.