కొంగు చాటు ముఖం

2022లో నేను పటాన్‌చెరులో ఒక డిజైన్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. మందుల సీసాల లేబుళ్లకు ఆర్ట్‌వర్క్, అంటే అచ్చుకు వెళ్లే తుది నమూనా, తయారుచేయడం నా పని. చిన్నప్పుడు సంగారెడ్డిలో మా చర్చి సండే స్కూలు చార్టుల మీద బొమ్మలన్నీ నేనే వేసేదాన్ని. ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చేరాలని ఎంతో ఆశ ఉండేది. నాన్న పనిచేసే ఫ్యాక్టరీ మూతపడడంతో ఆరునెలల డీటీపీ కోర్సుతో సరిపెట్టుకున్నాను. ఆ తర్వాత చేత్తో బొమ్మ వేసిందే లేదు.

ఒక మధ్యాహ్నం బొంతపల్లి నుంచి సుజాత అనే ఆమె వచ్చింది. గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుందట, అక్కడికొచ్చే లేబుళ్ల ద్వారా మా సెంటర్ సంగతి తెలిసిందట. వెంట ఆమె పెద్దమ్మ ఎల్లమ్మ ఉంది.

"మా అమ్మ ఫొటో తయారు జెయ్యాలె మేడం. నాకు మూడేండ్లున్నప్పుడే పోయింది. ఒక్క ఫొటో గూడ లేదు. అమ్మమ్మ ఎట్లుంటుండె అని నా బిడ్డ అడుగుతది. నాకే యాది లేదు, ఏం జెప్పాలె?"

సుజాత ఫొటోనూ, వాళ్ల మేనమామ ఫొటోనూ లేయర్లుగా, అంటే పలుచని అద్దాలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు, కలిపాను. స్క్రీన్ మీద చక్కని ముఖం వచ్చింది. ఎల్లమ్మ తల అడ్డంగా ఊపింది.

"మంచిగనే ఉంది గని, మా చెల్లె గాదు."

కళ్లు మార్చాను, ముక్కు మార్చాను. వాళ్లు మూడు ఆదివారాలు తిరిగారు. చివరికి సుజాత లేచి, "ఇగ వద్దు పెద్దమ్మా, పోదాం" అంది. ఆ గొంతు విన్నాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ప్రింటర్‌లోంచి తెల్లకాగితం తీసుకుని ఎల్లమ్మతో అన్నాను.

"ముక్కు, కండ్లు ఇడ్సిపెట్టు పెద్దమ్మా. ఆమె ఎట్ల నవ్వుతుండె, గది చెప్పు."

"నవ్వా? పన్ను మీద పన్ను ఉంటుండె, దానికి సిగ్గు. కొంగు అడ్డం పెట్టుకోని, తల జెర పక్కకు తిప్పి నవ్వుతుండె. కండ్లు మూసుకపోతుండె."

పెన్సిల్ అందుకున్నాను. గీసి, చెరిపి, మళ్లీ గీశాను. ఎల్లమ్మ ఆ కాగితం లాక్కుని, "ఓ సత్తెమ్మా!" అని చెల్లెల్ని పిలిచింది.

సుజాత ఆ కొంగు గీత మీద వేలు పెట్టింది. "కొంగు తీస్తే ఎట్లుంటదో, పెద్దమ్మా..." అంది. "గది నాకు యాదికొస్తలేదు బిడ్డా, యాదిలేంది ఎట్ల జెప్పాలె?" అంది ఎల్లమ్మ.

తీసి గీయగలను. కానీ ఆ నోరు, ఆ గడ్డం నాకు తెలియవు. తెలియనిది గీస్తే అది మళ్లీ ఎవరిదో ముఖమే అవుతుంది. అలాగే ఫ్రేము కట్టించి ఇచ్చాను. తెలిసినంతవరకే గీసి ఆగడం ఏ కోర్సులోనూ నేర్పరు, నేను ఎల్లమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆ కొంగు పక్కకు తీసి చూడాలన్న కోరిక మాత్రం సుజాతకే కాదు, నాకూ ఇంకా పోలేదు.