బావను బయటికి పిలిచిన రోజు

మొన్న మా పేట డాక్టరు, ఇక్కడివాళ్ళ మాటలో జీపీ, దగ్గర నర్సమ్మ నా ఛాతీకి చల్లటి వైర్లు అంటించి, కదలకుండా పడుకోమని అవతలికి వెళ్ళగానే, నా గుండె సంగతి పక్కనపెట్టి మా బావ గుండెను తలచుకుని మళ్ళీ భయపడ్డాను.

2012 ప్రాంతాల్లో ఇంగ్లండులోని స్లౌ ఊళ్ళో మా తెలుగువాళ్ళ హాకీ జట్టుకు ఆటగాళ్ళను ఎంచే పని నాది. జట్టంటే నిజానికి ఇద్దరే, మా అక్క భర్త, ఆయన స్నేహితుడు. అనంతపురంలో కాలేజీ రోజుల నుంచీ కర్ర వదలనివాళ్ళు, యాభై దాటినా బంతి వాళ్ళ మాటే వినేది. మిగతా మేమంతా, మీకు తెలియనిదేముంది, ఆఫీసుల్లో కూర్చుని పొట్టలు పెంచినవాళ్ళం. ఆ ఏడాది బావ గుండెకు స్టెంట్ వేశారు. ఒక్క దమ్మున పది నిమిషాలకు మించి పరిగెత్తవద్దని డాక్టరు చెప్పిన మాట అక్కకు తెలియనివ్వనని బావ నా చేత ఒట్టు వేయించుకున్నాడు. అప్పటినుంచి నాకు ముద్ద దిగలేదు. ఎమ్మెస్సీకి వచ్చిన, క్రికెట్ తప్ప ఎరగని ముగ్గురిని పట్టుకుని, ఆదివారాలు వానలో తడుస్తూ బావ స్థానంలో ఆడడం నేర్పాను.

అయితే పెద్దవాళ్ళను బయటికి రమ్మనడం మాకు నోరు రాని పని. అందుకని మైదానం అంచు గీత దగ్గర నిలబడి, నీళ్ళు తాగుతారా అని అడిగేవాళ్ళం. వాళ్ళు అర్థం చేసుకుని వచ్చి సీసా అందుకోగానే ఇంకొకరు లోపలికి వెళ్ళేవారు. స్విండన్ జట్టుతో ఆడిన రోజు స్కోరు సమానంగా ఉంది. పది నిమిషాలయ్యాక అడిగాను.

“నాకేం దప్పి కాలేదులేరా,” అన్నాడు బావ.

మళ్ళీ అడిగాను, ఇంకోసారీ అడిగాను. నా పాడు మర్యాద, అంతకు మించి నోరు పెగల్లేదు. కాసేపటికి ఆయన ముఖం పాలిపోయింది, కర్ర మీద వంగిపోయాడు. అక్కకు ఏం చెప్పను దేవుడా అనుకుంటూ లోపలికి పరిగెత్తాను. అందరి ముందూ అరిచాను.

“బయటికి రా. ముసలోడివైపోయినావు, నీ పని అయిపోయింది.”

కర్ర నా చేతిలో పెట్టి వచ్చేశాడు. అంబులెన్సు వేళకు అందింది, బతికాడు. తన పసుపుకుంకుమలు నేనే నిలబెట్టానని అక్క ఇప్పటికీ పదిమందికీ చెబుతుంది.

ఈనాటి ఆటగాళ్ళు పిలవగానే బయటికి వస్తారు, రెండు నిమిషాల్లో మళ్ళీ లోపలికి వెళ్తారు, ఎవరికీ చిన్నతనం లేదు. చూసి ముచ్చటపడతాను. బావ మాత్రం ఆ రోజు తర్వాత కర్ర ముట్టలేదు. వారంవారం మా ఇంటికి వచ్చి కాఫీ తాగుతాడు, లోకంలోని సంగతులన్నీ మాట్లాడతాడు. హాకీ ఊసు ఎత్తడు, ఎత్తే ధైర్యం నాకూ లేదు.