బొట్టు పెట్టిన డిస్క్

ఇది ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు. ఆ డిస్క్‌ను పాడుచేసింది నేనే.

2012లో మేడ్చల్ బస్ డిపో దగ్గర ఒక ఫోటో స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేదాన్ని. ఆ ఏడాది ఓనరు మూడు టెరాబైట్ల డిస్క్ కొనుక్కొచ్చాడు. "ఇగ అన్నీ గిండ్లనే ఎయ్యి. మేడ్చల్, శామీర్‌పేట పెళ్లిళ్లన్నీ ఒక్క డబ్బల!" అని మురిసిపోయాడు. చిన్న డిస్కుల్లో ఉన్నదంతా అందులోకి ఎక్కించి, వాటిని చెరిపి, కొత్త పెళ్లిళ్లకు పంపేదాన్ని. ఇంకో కాపీ ఉంటే మంచిదని తోచింది. అడగడానికి నోరు రాలేదు.

దసరా నాడు ఆయుధపూజకు కెమెరాలు, లైట్లు బల్ల మీద పేర్చాం. "పెద్ద డబ్బేదమ్మా? ముందు దానికే బొట్టు పెట్టాలె" అన్నాడు ఓనరు. డిస్క్ ఇంకా కంప్యూటర్‌కే తగిలించి ఉంది, లోపల తిరుగుతోంది. ఒక్క నిమిషం ఆగమంటే సరిపోయేది. అందరూ నా వైపే చూస్తున్నారు. తిరుగుతుండగానే వైరు పీకి, పసుపు చేతులతో ఎత్తాను. జారి బల్ల అంచుకు ఠక్కున తగిలింది. ఎవరూ గమనించలేదు. బొట్టు పెట్టాను.

ఆ రోజు డైరీలో ఉన్నది ఇంతే: ఒక పూట సెలవు, చదువుతున్న నవల పూర్తయింది.

మర్నాడు డిస్క్ టిక్కుటిక్కుమంటూ ఉండిపోయింది, తెరుచుకోలేదు. సికింద్రాబాద్‌లో బాగుచేసే అతను విప్పి చూసి, లోపల తిరిగే పళ్లెం గీరుకుపోయింది, ఏమీ రాదన్నాడు. నాలుగేళ్ల పెళ్లిళ్లు. చిన్న డిస్కులన్నీ అప్పటికే వేరే పెళ్లిళ్లతో నిండిపోయాయి.

కార్తీకంలో అత్వెల్లి నుంచి ఒకామె వచ్చింది. కూతురు కాన్పులో పోయిందట. పెళ్లి డీవీడీ కొంగులో చుట్టి తెచ్చింది.

"తలంబ్రాలప్పుడు ఏందో అని నవ్వుతది బిడ్డా. ఏమంటదో ఇనరాదు, మీదికెల్లి సినిమా పాటొస్తది. గా పాట తీసేసి ఇయ్యి. దాని మాట ఒక్కపారి ఇంట."

ఆ పాట పెట్టింది నేనే. అసలు గొంతు ఆ డిస్క్‌లోనే ఉండేది. పైవారం రమ్మన్నాను. వచ్చింది. మళ్లీ రమ్మన్నాను. మూడోసారి ఓనరే బొట్టు చెరగని ఆ డిస్క్ చూపించి, "పూజ జేసిన తెల్లారే పోయిందమ్మా, మా కర్మ" అని చెప్పేశాడు.

ఆమె నా కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది. "నువ్వన్న ఇన్నవ్ గద, పాట పెట్టేటప్పుడు? ఏమన్నది?"

నేను వినలేదు. పాట పెట్టే చోట ముందే శబ్దం తీసేయడం నాకు అలవాటు. తల అడ్డంగా ఊపాను. చేత్తో కళ్లు తుడుచుకున్నాను.

ఆమె డీవీడీని మళ్లీ కొంగులో చుట్టుకుని లేచింది. గడప దగ్గర ఆగి నా తల నిమిరింది.

"ఏడువకు బిడ్డా. బొట్టు వెట్టి మొక్కిన మిషనే గిట్ల జేస్తే, నువ్వేం జేస్తవ్?"