ఉడకబెట్టిన నైలాను వల

మొన్న మా కోడలు మేడమీద బీరపాదుకు పందిరి వేయడానికి అటకమీంచి పాత వలముక్క ఒకటి దింపింది. ఆ ముక్క చేతికి రాగానే అలవాటుకొద్దీ వలకంట్లో, అంటే ఆ అల్లిక గడిలో, రెండు వేళ్ళు పెట్టబోతే అవి దూరలేదు. మీరు నవ్వుతారేమో గాని, ఇన్నేళ్ళ తరవాత ఇది కూడా ముడుచుకుపోయిందా అనుకుని పందిరి సంగతి మరచి అక్కడే కూలబడ్డాను.

డెబ్బైల చివర, స్టీలు ప్లాంటు వస్తుందని ఊరంతా ఒకటే చెప్పుకుంటున్న రోజుల్లో, నేను పోర్టుకు దగ్గరలోని ఒక నైలాను దారం ఫ్యాక్టరీలో సాగదీత యంత్రం దగ్గర పనిచేసేవాణ్ణి. కరిగించి తీసిన దారం మొదట మెత్తగా, బలం లేకుండా ఉంటుంది. దాన్ని నెమ్మదిగా తిరిగే రోలరు మీంచి, దానికి నాలుగైదు రెట్లు వేగంగా తిరిగే రోలరు మీదికి పంపి, మధ్యలో వేడి పలక మీద లాగితే అప్పుడు బలం వస్తుంది. ఆ బలం చూసుకుని నాకు మహా గర్వంగా ఉండేది. భీమిలిలో చేపలవేట చేసే మా బావతో, అంటే మా అక్క భర్తతో, మా దారంతో ఏనుగును కట్టినా తెగదని గొప్పలు పోయాను.

బావ అంతవరకూ ఇంకొకరి పడవమీద, ఇంకొకరి వల లాగుతూ బతికాడు. నా మాట నమ్మి మా దారంతో తన సొంత వల, మొట్టమొదటిది, రెండు నెలలు కూర్చుని అల్లుకున్నాడు. కానాగంత చేపలు పడాలంటే వలకంట్లో రెండు వేళ్ళు సులువుగా దూరాలని వాళ్ళ కొలత. అల్లడం అయ్యాక, నూలు వలలు కుళ్ళిపోకుండా తాతలనాటి నుంచీ చేస్తున్నట్టే, తుమ్మచెక్క కషాయం పెద్ద కాగులో మరిగించి అందులో వలంతా ఉడకబెట్టాడు. తీసి చూస్తే కన్నంతా బిగిసిపోయి ఉంది. ఇక చేప తల దూరదు, వల పనికిరాదు, కానాగంతల వేటకాలం చూస్తే నెలన్నరలోకి వచ్చేసింది.

"ఏటిరా బామ్మర్దీ, తెగదన్నావు. తెగనేదు గానీ ముడుసుకుపోనాది," అన్నాడు బావ. కోపంగా కూడా అనలేదు. నేనే పౌరుషానికి పోయి, నైలానును ఎవడైనా ఉడకబెడతాడా, నీకు బుద్ధి లేదా అని పదిమందిలో అరిచాను. అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మళ్ళీ పరాయి వల లాగడానికే పోతానని బావ లోపలికి వెళ్ళిపోయాడు. నేనన్న ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఫ్యాక్టరీలో ఈ కథ చెబితే అందరూ పడీపడీ నవ్వారు. మా షిఫ్టు ఫోర్‌మన్‌ గారొక్కరే నవ్వలేదు. గోదావరి జిల్లా మనిషి, తెల్లచొక్కా నలగనివ్వడు, చేపలు ముట్టడు. "ఉడకబెట్టడం వాళ్ళ తప్పెలా అవుద్దయ్యా? వలని వాళ్ళు అలాగే కాపాడుకుంటారు. తట్టుకోవాల్సింది మన దారం," అన్నారు. ఆ ఆదివారమే నాతో బస్సెక్కి భీమిలి వచ్చి, ఇసకలో బావ పక్కన చతికిలబడి, ఎంతసేపు మరిగించారు, ఏ కట్టెలు పెట్టారు అని చిన్నపిల్లాడిలా అన్నీ అడిగారు. వెళ్తూ వెళ్తూ ఆ కషాయం ఒక క్యానునిండా పోయించుకున్నారు.

లాగిన దారం వేడి తగిలితే వెనక్కి ముడుచుకుపోవాలని చూస్తుందట. అందుకని లాగాక ఇంకోసారి వేడిచేస్తూ, ఈసారి చుట్టే రోలరును కాస్త నెమ్మదిగా తిప్పి, ఆ పోయేదేదో యంత్రం మీదే పోనివ్వాలన్నది ఆయన ఆలోచన. మేనేజరు గారి అనుమతి తీసుకుని మొదలుపెట్టాం. వదులు ఎక్కువైతే దారం వేలాడి రోలరుకు చుట్టుకునేది, తక్కువైతే ముడుచుకోవడం మానేది కాదు. ప్రతి ముక్కనూ ఆయన మూరెడు కొలిచి, క్యాంటీను గిన్నెలో ఆ కషాయంలోనే ఉడకబెట్టేవారు. టీకి తుమ్మచెక్క వాసన వస్తోందని క్యాంటీనాయన గోలగోల చేస్తే, ఆ టీ తానే రెండు గ్లాసులు తాగి బావుందనేవారు. అబ్బ, ఏం ఓపికండీ ఆ మనిషిది! మూడువారాలకు ఒక ముక్క ఉడికి వచ్చి కూడా మూరెడుకు మూరెడూ ఉంది.

మేనేజరు గారు ఆ దారాన్ని పరీక్షకని బావకు ఇప్పించారు. ఈసారి వీధంతా చేతులు వేసి పదిరోజుల్లో వల అల్లారు. ఉడకబెట్టకుండా సముద్రానికి పట్టుకుపొమ్మని నేను బతిమాలాను. ఫోర్‌మన్‌ గారు మాత్రం మంట పెట్టమన్నారు. బావ నా వంక చూడకుండానే వలంతా కాగులో దింపాడు. తీసి, ఆరకముందే రెండు వేళ్ళు పెట్టాడు. దూరాయి. "కన్ను కదల్నేదురా బామ్మర్దీ! అలాగే ఉన్నాది!" అని అరిచి నన్ను వాటేసుకున్నాడు. నేను అన్న మాట ఆ కాగులోనే పోయిందనుకున్నాడు కాబోలు, మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. క్షమించమని నేనూ అడగలేదు. ఫోర్‌మన్‌ గారు కన్ను కొలిచి నాకు చెప్పి, అక్క ఇచ్చిన మజ్జిగ తాగి బస్సుకు వేళయిందని లేచారు.

ఇప్పుడు ఫిషింగ్ హార్బరుకు వెళితే యంత్రాలు అల్లిన రంగురంగుల వలలు కట్టలుకట్టలుగా దిగుతున్నాయి. కాగులూ లేవు, కషాయమూ లేదు. మంచి వలలే, కాదనను. కాని దారం తీసినవాడు ఇసకలో కూర్చుని వల వేసేవాడిని ఎలా వాడతావని అడగడం నేను మళ్ళీ చూడలేదు.

మొన్న మనసు ఆగక మనవరాలి స్కేలు తెచ్చి, ఆ వల పాతబడ్డాక బావ నాకిచ్చిన ఈ ముక్క కన్ను కొలిచాను. ఆనాడు ఫోర్‌మన్‌ గారు కొలిచి చెప్పిన కొలతే, గీత కూడా తేడా లేదు. కీళ్ళవాపుతో లావెక్కింది నా వేళ్ళే. ఆ సంగతి చెప్పి నవ్వుకుందామంటే ఆయనా లేరు, బావా లేడు. అక్కకు ఫోన్ చేశాను. ఆనాటి నా మాట కూడా ఎత్తి, తప్పు నాదేనక్కా అన్నాను. అక్క, "మీ బావ సేతేళ్ళూ నా సేతేళ్ళూ ఒకటే లావుండేవిరా. నాయి ఇంకా అలాగే ఉన్నాయి. ఆ ముక్కట్టుకుని ఓ పాలి ఇటు రా," అంది.

బీరపాదుకు వేరే తాడు కొనిచ్చాను. రేపు పొద్దున్నే భీమిలి బస్సెక్కుతున్నాను.